మన కాలువ గురించి ఇంగ్లీషులో

శీనూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. హోటల్లో స్టోరు పని కోసం వచ్చే వారం నాకు ఇంటర్వ్యూ ఉంది. అందుకే బెంజ్ సర్కిల్ దగ్గర ఇంగ్లీషు క్లాసులో చేరాను. మీ ఊరి గురించి చెప్పమని తప్పకుండా అడుగుతారట. ఇవాళ క్లాసులో అదే చెప్పించారు.

పచ్చటి పొలాలు, మంచి మనుషులు అంటూ కంఠతా పట్టింది చెప్పాను. కాలువ దగ్గరికి వచ్చేసరికి కంఠతా పట్టింది వదిలేశాను. ఆ రోజు నీళ్ల వంతు మనదైనా పక్క చేనువాడు తూము మూసేశాడు. నువ్వు వెళ్లి తెరిచావు. వాడు పారతో నీ మెడ మీద కొట్టాడు. నీళ్లు ఎర్రగా మన చేలోకే పారాయి. వచ్చిన ఇంగ్లీషులో అదంతా చెప్పేశాను.

"అయ్యయ్యో, ఇంటర్వ్యూలో ఇవన్నీ ఎందుకండీ? మంచివే చెప్పండి," అన్నారు మేడమ్.

"ఊరి గురించి చెప్పమంటే క్రైమ్ వార్తలు చదువుతాడేంట్రా బాబూ!" అని వెనక బెంచీలో ఒకతను నవ్వాడు.

అతని తల పట్టుకుని బెంచీకేసి కొట్టాను. మూతి పగిలి రక్తం కారింది.

"రేపట్నించి మీరు రాకండి," అన్నారు మేడమ్. నేను బయటికి వస్తుంటే అందరూ గోడకి అతుక్కుని దారి వదిలారు.

మన ఊరు ఎలాంటిదో వాళ్లకి అర్థమైంది. నీ మీదికి లేచిన చెయ్యి కూడా ఇంత తేలిగ్గానే లేచి ఉంటుంది.

అన్నయ్య