పురుగు లేని చేప

నిల్డా జ్ఞానతండ్రి ఎలుతేరియో గారికి,

గుడ్ ఫ్రైడేకి చేపలు కావాలని కబురు చేశారు. పంపుతున్నాను.

మొన్న ఊరి సభలో గని తరఫున నిలబడి, మా పిల్కొమాయో నదిలో దొరికే 'సాబలో' అనే చేపను కోసి చూపించారు. "ఒక్క పురుగైనా ఉందేమో చూడండ్రా! మా గని నీళ్లు తీర్థంరా!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ నది చేపలు తిని చేతులకు వణుకు జబ్బు పట్టిన నిల్డా కొట్టలేకపోయింది. మీరు ఎత్తుకుని బాప్తిస్మం ఇప్పించిన పిల్లే.

నది చేపల్ని పరీక్షించే కాలేజీ అమ్మాయి ఆ చేప పేగులు చూసి, "అక్కా, పురుగుల్లేవంటేనే భయపడాలి. శుభ్రమైన నీళ్లలో పెరిగిన చేపకి పురుగులుంటాయి. గని విషానికి ముందు చచ్చేవి అవే" అంది.

అందుకే మీకోసం మా ఆయన గని కాలువ కలిసే చోటే వల వేశాడు. అన్నీ కోసి చూశాను. మీరన్నట్టే, ఒక్క పురుగూ లేదు.

ఊరేగింపు అయ్యాక గుడి ముందు, అందరూ చూస్తుండగా మీరు వీటినే తింటారని ఫాదర్ గారితో చెప్పేశాను. తినకపోతే ఎందుకు తినలేదో ఊరికి మీరే చెప్పుకోండి.

గని కాలువకి ఎగువన పట్టిన, పురుగులున్న చేపలు మాత్రం అడక్కండి. అవి నిల్డాకి.

మీ జ్ఞానపుత్రిక తల్లి