ఖాళీగ తిరిగే గిర్ని మోటరు

బాపూ,

బస్సు టైమైంది, పోతున్న. రేపే తొట్టెల పండుగ. అక్క బిడ్డ తొట్టెకు ఆఖరి కాలు నువ్వే చెక్కాలె.

ముందుగాల మన పాత పిండిగిర్ని మోటరును తాడుతో గుంజి తిప్పి, స్విచ్ వెయ్యి. అది జోరందుకున్నంకనే కాళ్లు చెక్కే చిన్న లేత్ మిషను వెయ్యి. బెల్టు లేకుండ ఖాళీగ తిరుగుతాందని నిన్న చేసినట్టు బంద్ చేయకు. లేత్‌కు మూడు ఫేజుల కరెంటు కావాలె, ఇంట్ల ఉన్నది ఒక్క ఫేజే; తక్కువ పడ్డది కలిపి ఇచ్చేది ఆ మోటరే. నువ్వు ఆపితే లేత్ మూలుగుడే తప్ప తిరగదు. ఇన్నేండ్లు ఊరందరికీ పిండి పట్టినోనివి, ఖాళీ మోటరును చూస్తే నీ చెయ్యి ఊకోదు. నాకెరుకే!

కోమల

మూడు కాళ్లు నేను చేసిన. ఒక్కటన్న తాత చేతిది ఉండాలె. నునుపు రాకున్నా ఫికర్ లేదు, దాంట్ల పిల్ల పండుకుంటది, పరీక్ష పెట్టదు.