పదకొండు శుక్రవారాలు

ఖైతాన్, కువైట్
శుక్రవారం మధ్యాహ్నం

అక్కా,

పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి వచ్చి కూర్చో. ఈ కవరు సెలవు మీద ఊరికొస్తున్న ఖాజావలి చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్లో ఈ సంగతి ఎప్పుడు ఎత్తినా "అదంతా ఇప్పుడెందుకురా, అన్నం తిన్యావా" అని దాటేస్తావు. కాగితాన్ని దాటేయలేవు కదా. కవరులో నలభై పేజీలు కూడా ఉన్నాయి. అది నేను రాసిన కథ. హైదరాబాదు పత్రికవాళ్ళు వేస్తామన్నారు, నెలాఖరులోగా సరే అనమన్నారు. కథ నీది కాబట్టి నువ్వు సరే అనేదాకా నేను అనను.

వీడికి కథలు రాసే బుద్ధి ఎప్పుడు పుట్టిందా అనుకుంటావు. మా గోడౌను అల్ రాయ్‌లో కదా, దగ్గర్లోనే శుక్రవారం సంత జరుగుతుంది. పాత కుర్చీలు, పిట్టల పంజరాలు అమ్మే చోట ఒక బెంగాలీ ముసలాయన పుస్తకాలు పరుచుకుని కూర్చుంటాడు. ఆయన దగ్గర దొరికింది ఒక జపాను నవల, ఇంగ్లీషులో. ఈమధ్య వచ్చిందే. రాసింది ఒకావిడ. అందులో ఒక ముసలి రచయిత ఉంటాడు. తన అక్క మొగుణ్ణి వదిలేసి వచ్చిన సంగతిని, పేరైనా మార్చకుండా, వయసులో ఉన్నప్పుడు నవలగా రాసి గొప్పవాడైపోయాడు. అక్క ఊళ్ళో తలెత్తుకోలేక ఎటో వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత, ఆమె నడిపే ఇస్త్రీ కొట్టుకు ఎదురుగా ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. రోజూ ఒక చొక్కా తీసుకుపోయి ఇస్తాడు. ఇద్దరూ ఆ చొక్కా గురించే మాట్లాడుకుంటారు. అంతే నవల. రెండుసార్లు చదివాను.

చివర్లో అనువాదకుడు కొన్ని పేజీలు రాశాడు. జపానులో వందేళ్ళుగా అలాంటి రచన ఒకటి ఉందట. కల్పించడం కాదు, తన బతుకునే ఉన్నదున్నట్టు రాయడం. చదివేవాళ్ళు కూడా ఇది జరిగిందే అనుకుని చదువుతారట. మంచివాళ్ళు రాసినప్పుడు దానికొక నియమం ఉంటుందన్నాడు. ఎవరి పరువు బయట పెట్టినా, ముందు తనది పెట్టుకోవాలి. అది మరిచి ఇంట్లోవాళ్ళ కన్నీళ్ళను అచ్చు వేసుకున్నవాళ్ళూ ఉన్నారట. వాళ్ళను నిలదీయడానికే ఈవిడ ఈ నవల రాసిందన్నాడు.

అది చదివి నా కథ మళ్ళీ తీస్తే నాకే సిగ్గేసింది. అమ్మ పోయిన సంగతి నీకు మూడు నెలలు దాచిన కథ అది. నువ్వు అప్పుడు ఫహాహీల్‌లో ఒక కువైటీ ఇంట్లో పనికుండి, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని ఉన్నావు. కువైట్లో ఉన్నవాళ్ళకు చావు కబురు వెంటనే చెప్పకపోవడం మనవైపు అందరూ చేసేదే. గంగులయ్య మామ అన్నాడు, "పాప ఆడ ఒంటిగా ఉండాది. ఎవురు ఓదారుస్తారు దాన్ని? ఇప్పుడే చెప్పొద్దండి" అని. పెద్దలు అబద్ధం ఆడితే పదిహేడేళ్ళ పిల్లవాడు తలుపు చాటున నిలబడి విన్నాడని రాశాను. చదివినవాళ్ళు ఆ పిల్లవాణ్ణి చూసి అయ్యో అనుకుంటారు.

జరిగింది అది కాదక్కా. పెద్దలు దాచమన్నది, అమ్మ పోయాక నువ్వు ఫోన్ చేసిన మొదటి శుక్రవారం ఒక్కటే. రెండో శుక్రవారానికి పెద్దదినం అయిపోయింది. నీ ఫోను మోగగానే నాయన దాన్ని నా చేతిలో పెట్టి, "ఇంక పాపకు చెప్పు" అని బయటికి పోయాడు. చెప్పేటప్పుడు వినలేక. నువ్వు "అమ్మ ఏం చేస్తాందిరా" అన్నావు. "నిద్రపోతాంది" అన్నాను. నాయన లోపలికి వచ్చి ఏమన్నదని అడిగితే, "చెప్పినా. ఏడ్చింది. రానన్నది" అన్నాను.

అప్పుడే ఇంజనీరింగులో చేరాను. నువ్వు వచ్చేస్తే మళ్ళీ పోవు, నా చదువు ఆగిపోతుంది, బొప్పాయి తోటల్లో కూలికి పోవాలి అనుకున్నాను. అంత చెడ్డ బుద్ధి నాది. తర్వాత ఇంకో తొమ్మిది శుక్రవారాలు అదే మాట చెప్పాను. నువ్వు సెలవు మీద వచ్చిన రోజు నాయన నిన్ను పలకరించలేదు. తను కన్నుమూసేదాకా నీ మొహం చూసి సరిగా మాట్లాడలేదు. తల్లి పోయినా రాని బిడ్డ అనుకున్నాడు ఆయన. ఎందుకో నీకు తెలియదు. నాకు తెలుసు, తెలిసి ఊరుకున్నాను.

ఇది కథలో రాయకముందు నీకు చెప్పాలి. నువ్వు వద్దంటే నలభై పేజీలూ చించేస్తాను. నాతో మాట్లాడనన్నా నీ ఇష్టం.

నీ తమ్ముడు,
పెంచల్


చిట్వేలు
బుధవారం

పెంచలా,

పప్పు దించే కూర్చున్నాను. నీ ఉత్తరం ఒక పూట, నీ కథ రెండు పూటలు చదివినాను. నాది ఏడో తరగతి చదువు కదా, నిదానం. ఖాజావలి చెల్లెలు జీనత్ ఆదివారం కువైట్ పోతా ఉంది, ఈ ఉత్తరం ఆమె చేతికి ఇస్తాను.

కథ బాగుంది. కానీ తప్పులు రెండున్నాయి. ఒకటి కథలో, ఇంకొకటి నీ ఉత్తరంలో.

నేను వాకిట్లో దిగి, అమ్మ లేదని అప్పుడు తెలిసి, అమ్మకు తెచ్చిన కంబళి మీద పడి ఏడ్చినట్టు రాసినావు. ఆ పేజీ ఎర్రపెన్నుతో కొట్టేసినాను. ఆ కంబళి, నా మాదిరే ఆడ ఇంటిపని చేసే మన ఊరి రెడ్డెమ్మ వాళ్ళ అత్తకని నా చేత పంపింది. ఆ పొద్దు కార్టన్ తాడు కోసింది నువ్వే కదా. నాయనకు చొక్కాగుడ్డ, గంగులయ్య మామకు టార్చిలైటు, నీకు వాచీ, పక్కింటోళ్ళకు సబ్బులు, అన్నిటికీ పేరు రాసి చీటీలు అంటించింటి. అమ్మ పేరుతో చీటీ ఒక్కటన్నా చూసినావా? రెండేండ్లకు ఇంటికొచ్చే బిడ్డ అమ్మకు ఏమీ తేకుండా వస్తుందా? ఇంత చదువు చదివి అది తట్టలేదా నీకు?

అమ్మ పోయిన తొమ్మిదో దినం, మా మామ, అదే ఆ ఇంటి యజమానురాలు, ఆమెను ఆడ అట్లే పిలుస్తాం, ఆమె వెంట ఫహాహీల్ బజారుకు పోయింటి. రెడ్డెమ్మ ఎదురుపడి, "ఎంత పని జరిగిపాయనే" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు తెలుసనుకునింది పాపం. ఇంకో రెండు దినాలకు శుక్రవారం. నువ్వు చెబుతావు, నేను గట్టిగా ఏడుస్తాను అనుకునే ఫోన్ చేసినాను. నువ్వు నిద్రపోతాంది అన్నావు. కోపం రాలేదు నాయనా. ప్రాణం నెమ్మదించింది.

ఫోన్ పెట్టేసి బాత్‌రూములో కుళాయి విప్పుకుని ఏడ్చినాను. బయటికొస్తే మామ నా కండ్లు చూసి, "ఏమైంది, ఊరికి పోతావా?" అని అడిగింది. ఆమె మంచిదే, పోతానంటే టికెట్ తీసేది. పోను అన్నాను. అమ్మ లేని ఇంట్లో అడుగు పెట్టాలంటే భయమేసింది. ఇన్నేండ్లూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నువ్వు నిద్రపోతాంది అన్నప్పుడల్లా, ఆ ఒక్క నిమిషం నాకు అమ్మ నిద్రపోతానే ఉన్నింది. దానికోసమే వారం వారం అడుగుతా వచ్చినాను. పది వారాలు చిన్నపిల్లోని చేత అబద్ధం చెప్పించుకున్నాను.

నాయన ఎందుకు నా మొహం చూడలేదో నాకు తెలుసులే. ఆయనది తప్పు కాదు. ఆ జపానోళ్ళ నియమం మంచిదే. ముందు నీది రాయి, వెనకే నాది రాయి, పేర్లు మార్చొద్దు. అచ్చు వేయించుకో.

నాయనకు అబద్ధం చెప్పినాను అని మాత్రం రాయొద్దు. నీ ఉత్తరంలో తప్పు అదే. నువ్వు చెప్పినట్టే జరిగింది. ఆ పొద్దు నేను ఏడ్చినాను. రానన్నాను.

మీ అక్క,
వెంకటేశ్వరి