పెద్దల ఫోన్లు, మా అమ్మాయి లెక్కలు

రామన్నచెరువు,
4-2-2008.

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పదో తరగతి పరీక్షలు ముగిసేవరకు పెద్దల సెల్‌ఫోన్ల నుంచి మా అమ్మాయిని కాపాడుట గురించి.

పిల్లలను సెల్‌ఫోన్లకు దూరంగా ఉంచవలెనని తమరు పంపిన ఉత్తర్వును హైస్కూలు నోటీసు బోర్డులో చదివాను. మా అమ్మాయి దుర్గాశ్రీకి లెక్కల్లో క్వార్టర్లీకి ఎనభై రెండు, హాఫియర్లీకి యాభై ఒకటి వచ్చాయి. కారణం సెల్‌ఫోనేనని మాస్టారు అన్నారు. నిజమే. అయితే అమ్మాయికి ఫోను లేదు. ఉన్నవాళ్ళ సంగతి మనవి చేసుకుంటున్నాను.

1. మా వీధిలో రొయ్యల చెరువుల వారందరూ ఫోన్లు కొన్నారు. మెసేజీలేమో ఇంగ్లీషులో వస్తాయి. అమ్మాయి పుస్తకం తీయగానే పల్లంరాజు గారు గేటు దగ్గర నిలబడతారు. "ఏమ్మా, ఇది రొయ్య రేటా, ఫోను కంపెనీవాడి గోలా? ఒక్కసారి చూసిపెట్టమ్మా." చూస్తే కంపెనీవాడి గోలే.

2. పక్కింటి పెద్దింట్లమ్మ గారు ఏదో మీట నొక్కారు. అప్పటినుంచి ఆవిడకు ఎవరు ఫోను చేసినా ప్రేమపాట వినబడుతోంది. "అల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడే పిల్లా! ముందు ఇది తీసెయ్. నీ త్రికోణాలు ఎక్కడికీ పోవులే." కస్టమర్ కేర్ వాళ్ళు పలికి, ఆ పాట పోయేసరికి ట్యూషన్ అయిపోయింది.

3. మా వారి గురించి కూడా రాయక తప్పడం లేదు. ఫోనులో నంబరు ఎక్కించుకోవడం నేర్చుకోమంటే "అమ్మాయి ఉందిగా" అంటారు. "ఇంటర్‌కి భీమవరం హాస్టల్లో వేస్తున్నాంగా, అప్పుడేం చేస్తారండీ?" అన్నాను. "అందరి ఫోన్లూ పట్టుకుని ఆదివారం వెళ్ళొస్తాంలే" అన్నారు.

పెద్దవాళ్ళు పిలిస్తే వెంటనే లేచి వెళ్ళాలని దానికి నేర్పింది నేనే. పరీక్షలు నెత్తిమీదకొచ్చాయి. లేవొద్దని చెప్పడానికి ఇప్పుడు నాకు నోరు రావడం లేదు. అందుకే తమకు రాస్తున్నాను.

కావున, ఫోనున్న పెద్దలు పిల్లలకు దూరంగా ఉండవలెనని రెండో ఉత్తర్వు ఇచ్చి, సాయంత్రాలు స్కూల్లో వారికి ఫోను పాఠాలు చెప్పించవలెను. మా వారికి హాజరు తప్పనిసరి చేయవలెను. ఒక తల్లి మనవిగా దీన్ని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సూర్యకళ

తా.క.: కిందటి నెల తనిఖీకి వచ్చినప్పుడు తమరు దుర్గాశ్రీని లెక్కల క్లాసులోంచి వరండాలోకి పిలిచి, తమ ఫోనులో నంబర్లన్నీ దానిచేత ఎక్కించుకున్నారట. "సార్ చాలా మంచివారమ్మా, పెన్ను కూడా ఇచ్చారు" అని మురిసిపోయింది. ఆ రోజు క్లాసులో చెప్పిన లెక్కతో ఆ పెన్ను పట్టుకునే ఇప్పటికీ కుస్తీ పడుతోందండీ. ఆ ఒక్కటీ ఎవరిచేతనైనా మళ్ళీ చెప్పించండి. తమ ఫోనులో ఇంకేమైనా పని మిగిలి ఉంటే, పరీక్షలయ్యాక మా ఇంటికి రండి. కాఫీ తాగేలోపు చేసి పెడుతుంది.