డెబ్బై రెండు కిలోలు

జూన్ 8, ఆదివారం మధ్యాహ్నం

చెల్లికి అక్క దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేను కులాసా. నీ తుంటి ఎముక అతుక్కుందని డాక్టరమ్మ అన్నదట, చల్లని కబురు. కర్ర లేకుండా అడుగు వెయ్యకు. నేల తడిగా ఉంటే అసలే వద్దు. చెప్పుల అడుగు అరిగిందేమో చూసుకో.

వచ్చే నెల నా దగ్గరికొచ్చి ఉండిపోతానన్నావు. నీ మంచం గోడవారకి జరిపించాను. మీ బావ పడిపోయిన స్నానాల గదిలో పట్టుకోడానికి ఇనప కమ్మీలు బిగించారు. అయినా నా గుండె పీచుపీచుమంటూనే ఉంది. నువ్వు పడితే లేపాల్సింది నేనే కదా. అందుకని ఒక పని చేస్తున్నాను, నవ్వకు. బరువులెత్తుతున్నాను.

మా వీధి చివర జిమ్ము నడిపే అమ్మాయిని అందరూ కండలమ్మ అంటారు. నువ్వు పడిన కబురు రాగానే, పది నెలల కింద దాని దగ్గరికెళ్లి, ఒక మనిషిని నేల మీంచి లేపేంత బలం కావాలమ్మా అన్నాను. ఈ వయసులోనా అంటుందనుకున్నాను, అనలేదు. వారానికి రెండుసార్లు, పావుగంట చాలు బామ్మా, కానీ ఆ పావుగంటలో కబుర్లు చెప్పకూడదు అంది. ఖాళీ బకెట్‌తో మొదలెట్టి ఇసుక సంచి దాకా వచ్చాను. నడుం వంచకుండా మోకాళ్లు మడిచి, సంచిని ఒంటికి ఆనించుకుని, నాలుగు లెక్కపెడుతూ లేవాలి, నాలుగు లెక్కపెడుతూ దించాలి. చేతులు ఇక మొరాయించే దాకా. ఆ ఆఖరి ఒకటి రెండు సార్లే కండకి పెరగమని కబురు పంపుతాయట, తర్వాత విశ్రాంతిలో అది పెరుగుతుందట. రోజూ వస్తానంటే తిట్టి పంపింది. నా జబ్బలు చూసి పక్కింటావిడ, ఎవరితో కుస్తీకి పోతున్నావొదినా అంది.

ఒకటే బాధ. ఆఖర్న నేను సంచి దించేయబోతుంటే కండలమ్మ, ఇంకొక్కసారి బామ్మా, అంటుంది. ఆ మాటకి వీపున చన్నీళ్లు పోసినట్టవుతుంది. ఆ గొంతు ఆ పిల్లది కాదు. ఇంటికొస్తే స్నానాల గదిలో కుళాయి బొట్టు బొట్టుగా కారేది, బొట్టుకీ బొట్టుకీ మధ్య ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. కుళాయి మార్పించాను. బొట్టు ఆగింది, ఊపిరి ఆగలేదు.

ఎంత బరువుదాకా ఎత్తాలనుంది బామ్మా అని ఒకరోజు అడిగింది. డెబ్బై రెండు కిలోలు అన్నాను. అంత కచ్చితంగా డెబ్బై రెండేమిటి అంది. నేను సంచి మూతి బిగించుకున్నాను. ఆ ఎముకలకి అంత వద్దు, యాభై మించనివ్వను అంది. నిన్న యాభై ఎత్తాను. రెండుసార్లు.

నీ బరువెంతో రాయి. చిన్నప్పట్నించీ తగ్గించి చెప్పడం నీకు అలవాటు, ఈసారి అబద్ధమాడకు.

ఇట్లు,
నీ గురించే బెంగపడే
అక్క

తా.క. నీకు అబద్ధమాడొద్దని చెప్పి నేను దాచడం ఏం న్యాయం. మీ బావ పడగానే ప్రాణం పోయిందని అందరికీ చెప్పాను. కాదు. నేను వెళ్లేసరికి మాట్లాడుతూనే ఉన్నారు. డెబ్బై రెండు కిలోల మనిషి. మూడుసార్లు పట్టాను, లేపలేకపోయాను. ఇంకొక్కసారి పట్టవే అన్నారు. నావల్ల కాదు, ఎవరినైనా పిలుచుకొస్తానన్నాను. వెళ్లొద్దే అన్నారు. వెళ్లాను. నలుగురిని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి కుళాయి చప్పుడు ఒక్కటే ఉంది. ఇది తెలిశాక కూడా రావాలనిపిస్తే రా. రాకపోయినా నీ బరువు మాత్రం రాసి పంపు. నేను సంచి నింపుకోవాలి.