మార్చుకున్న చేండ్లు

శింగనమల

కేశవన్నకు తమ్ముడు తిప్పేష్ రాసేది. ఈడ అందరమూ ఒంటికి బాగానే ఉండాము. ఫోన్లో చెప్తే నువ్వు అరుస్తావు, నేనూ అరుస్తా. అందుకే కార్డు.

మన బాయి చేను మనది కాదంటన్నా! నాయనా, బయ్యన్న మామా నోటిమాట మీద చేండ్లు మార్చుకున్యారు కదా, ఇద్దరూ రిజిస్టర్ చేయించుకోలేదు. ఆఫీసులో మన బాయి చేను ఇంకా మామ పేరునే ఉండాది. వాళ్లు దున్నుకునే గుట్టకింద చేను నాయన పేరున ఉండాది. మామ కొడుకు హర్ష ఇది కనుక్కోని, బాయి చేను ఎవురికో రిజిస్టర్ చేసిచ్చినాడు. నాయన సమాధితో సహా! నిన్న సర్వేవాళ్లు రాళ్లు నాటను వస్తేగాని నాకు తెలీలేదు.

నేరుగా హర్ష ఇంటికి పోతి. "ఏమప్పా, మీ నాయన సమాధి గుట్టకింద చేన్లో కదా ఉండేది? అది మా నాయన పేరున ఉండాది. మేమూ అమ్మల్లనా?" అంటి. వాని మొగంలో నెత్తురు లేదు. ఆ సంగతి వానికీ తట్టలేదు.

కార్డు అందినపొద్దే బస్సెక్కు. నాయన పాత పాస్‌బుక్కు నీ పెట్టెలోనే ఉండాదా? తీసుకోని రా, వకీలు దగ్గరికి పోదాం. బాయిలో మోటరు ఇప్పేయల్లనా, ఉండనీల్లనా? వదినను, పాపను అడిగినానని చెప్పు.

నీకు దీవెనలు రాస్తా చెప్పుమా అంటే, అమ్మ ఒకటే మాట అడగమనింది. నాయన పక్కన ఆమెకని ఇడిసిన జాగా ఇప్పుడు ఎవురిదంట?