ముందు నువ్వు తాగు

సిస్టర్ గారికి నమస్కారాలు.

మా నాన్నని చూసి నొప్పి మందు ఇచ్చి వెళ్ళడానికి మీరు రోజూ ఇంటికొచ్చేవారు. ఆయన కూతుర్ని రాస్తున్నాను. మీతో ఓ పని పడింది.

డిగ్రీ అవగానే నాకొచ్చిన ఉద్యోగం గురించి నాన్న మీకు ఎన్నిసార్లు చెప్పారో. చేర్చుకునే ముందు కంపెనీవాళ్ళు నా చదువూ చిరునామా అన్నీ ఆరా తీశారు. చివరికి డ్రగ్ టెస్టుకి పిలిచారు. అది నాన్న పోయిన మర్నాడు. వాయిదా అడిగితే ఉద్యోగం ఎక్కడ చేజారుతుందోనని వెళ్ళాను. మూత్రంలో మార్ఫిన్ ఉందన్నారు.

ఎలా వచ్చిందో మీకు తెలుసు. చిన్నప్పుడు నేను మందు తాగనని మొరాయిస్తే నాన్న ముందు తనో గుక్క తాగి చూపించేవారు. ఆఖర్లో ఆయనే పళ్ళు బిగబట్టి, "ముందు నువ్వు తాగు" అనేవారు. మీరిచ్చిన ఆ మార్ఫిన్ సిరప్ నేను కాస్త తాగి, చేదు మింగి నవ్వితేగానీ నోరు తెరిచేవారు కాదు. ఒకసారి మీరు గుమ్మంలో నిలబడి చూశారు. కిటికీ వైపు తిరిగారు.

మందు చీటీ నాన్న పేరున ఉంది కాబట్టి నా మాట చెల్లదంటున్నారు. మీరు చూసింది రెండు ముక్కలు రాసివ్వగలరా? మీ ఉద్యోగానికి మాటొస్తుందనుకుంటే వద్దు, నేనేమీ అనుకోను.

ల్యాబులో ఆయన మంచివాడే. "ఇంకో నాలుగు రోజులాగి రావాల్సిందమ్మా, ఒంట్లో ఏమీ మిగిలేది కాదు" అన్నాడు. నాన్న పోయినప్పుడు రాని ఏడుపు అక్కడొచ్చింది.

ఆ నాలుగు రోజులూ గడిచిపోయాయి, సిస్టర్.